అడవి మంటలకు ప్రభుత్వ ధనము : గ్రామము ముందుగా అడుగవలెను

మాఘమాసము వచ్చునప్పటికి వినుకొండ ప్రాంతమున రైతుకు తల ఎత్తుటకు తీరిక ఉండదు. మిరపకోతలు సాగుచుండును. కల్లములలో కాయ ఎండుచుండును. పత్తిచేలలో చివరితీత ముగిసి కట్టె మాత్రము మిగిలియుండును. అదే కాలమున పడమటి వైపు బొల్లాపల్లి మండలపు కొండలమీద గడ్డి ఎండి, ఆకు రాలి, ఒక్క అగ్గిపుల్లకు అంటుకొనునట్లుండును. ఒక రాత్రి కొండమీద ఎర్రని గీత కనబడును. “అది అటవీశాఖవారి సంగతి” అని మనము ప్రక్కకు తిరిగి పండుకొందుము.

రైతు సోదరులారా! అది మన సంగతి కూడ. ఆ కొండ కాలినచో మేకలకు, గొర్రెలకు, పశువులకు వేసవి మేత పోవును. నేలను కప్పియున్న ఆకు, గడ్డి బూడిదయగును. తొలకరి వాన బోడినేలమీద పడి, ఇంకక, మట్టిని కోసికొనివచ్చి మన చెరువులలోను కుంటలలోను పూడిక వేయును. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ వినుకొండ ప్రక్కగానే పారుచున్నది. ఎగువ అడవికి కలిగిన నష్టము దిగువ పొలమునకు రాకుండ పోదు. గాలి తిరిగినచో మంట కొండ దిగి అంచుచేలను, గడ్డివాములను, కల్లములోని పంటను కూడ అంటుకొనును.

ఈ మంటలను ఆపుటకు ప్రభుత్వము ధనము ఇచ్చుచున్నది. అందులో గ్రామమునకు చేరదగిన భాగము కూడ కలదు. అయితే దానిలో ముఖ్యమైనది మంట రాకముందు ఖర్చు చేయుటకు ఇచ్చునది. మంట వచ్చిన తరువాత ఇచ్చు సహాయము పరిమితము. దానికి నియమములు పెక్కు. ఈ సంగతి తెలియని గ్రామము చేను కాలిన తరువాత అర్జీ పట్టుకొని తిరుగును. తెలిసిన గ్రామము వానాకాలములోనే అడుగును. ఆ అడుగు విధమును ఈ వ్యాసమున వివరించుచున్నాము.

నిప్పు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

మన దేశమున అడవి మంటలలో చాలభాగము మనిషి చేతినుండి పుట్టినవే. ఆర్పక పారవేసిన బీడీముక్క, తేనె తీయుటకు పెట్టిన పొగ, క్రొత్త గడ్డి మొలచునని మేకలకాపరి పెట్టిన నిప్పు, అడవి అంచు పొలములో కాల్చిన పత్తికట్టె, మిరపకట్టె — ఇవియే సామాన్య కారణములు.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల ద్వారా మంటలను కనిపెట్టుచున్నది. 2023-24 మంటల కాలమున ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 18 వేలకు పైగా అగ్నిస్థానములు నమోదైనవి. దేశములో ఎక్కువగా మంటలు కనబడిన రాష్ట్రములలో మనది ఒకటి. కనుక ఇది ఎక్కడో హిమాలయములలోని బాధ అనుకొనరాదు.

పత్తికట్టెను పొలములో నిలువయుంచుట మంచిది కాదు. గులాబీరంగు కాయతొలుచు పురుగు దానిలో నిలిచి మరుసటి పంటకు వచ్చును. కాని దానిని కాల్చుటొక్కటే ఉపాయము కాదు. యంత్రముతో ముక్కలు చేయించి దుక్కిలో కలిపినచో నేలకు సేంద్రియ పదార్థము చేరును. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము రిజర్వు అడవికి నిప్పు పెట్టుట శిక్షార్హమైన నేరమని కూడ మరువరాదు.

ధనము వచ్చు మార్గములు

మొదటిది, అటవీ అగ్ని నివారణ, నిర్వహణ పథకము. కేంద్ర ప్రభుత్వము 2017-18లో పూర్వపు అటవీ యాజమాన్య పథకము స్థానమున దీనిని ప్రవేశపెట్టినది. మనవంటి రాష్ట్రములలో ఖర్చు నూటికి 60 వంతులు కేంద్రము, 40 వంతులు రాష్ట్రము భరించవలెను. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము కేంద్రపు వాటా 90. మంట దాటకుండ గడ్డి చెక్కి బోడిచేసిన బాటలు (అటవీశాఖవారు వీనిని ఫైర్‌లైన్లు అందురు), వేసవిలో నియమించు మంటల కాపలాదారులు, పనిముట్లు, నీటి నిలువలు, ప్రజలకు ప్రచారము — ఇవన్నియు ఈ పథకములోని పనులే. వీనితోపాటు, అడవిని మంటలనుండి కాపాడిన గ్రామములకు ప్రోత్సాహము ఇచ్చుటకు కూడ ఇందులో వీలు కలదు. మన పాఠకులు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసినది ఈ చివరి అంశము.

రెండవది, ప్రత్యామ్నాయ అటవీ పెంపక నిధి. గనులకు, రోడ్లకు, ప్రాజెక్టులకు అటవీభూమిని తీసికొన్నవారు చెల్లించు సొమ్ము ఇందులో జమయగును. 2016లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము ఆ సొమ్ములో నూటికి 90 వంతులు రాష్ట్ర నిధికి చేరును. 2018 నియమములు మంటల నివారణను, మంటలను అదుపుచేయు పనులను ఈ నిధితో చేయదగిన పనులలో చేర్చినవి.

మూడవది, విపత్తు నిధులు. 15వ ఆర్థిక సంఘపు కాలమున, అనగా 2021-26లో, విపత్తుల ధనమును రెండు భాగములు చేసిరి. నూటికి 80 వంతులు విపత్తు వచ్చిన తరువాతి స్పందనకు, 20 వంతులు విపత్తు తీవ్రతను ముందే తగ్గించుటకు కేటాయించిరి. ఆ కాలముననే 19 రాష్ట్రములలోని 144 జిల్లాలలో అడవి మంటల ప్రమాదమును తగ్గించుటకు 818.92 కోట్ల రూపాయల పథకము ఆమోదింపబడినది. మీ జిల్లా ఆ పట్టికలో చేరినదా అను విషయమును జిల్లా అటవీ కార్యాలయమున విచారింపుడు.

ఒకప్పుడు అడవిలో పశువులను మేపినందుకు పల్నాటి రైతు పుల్లరి చెల్లించవలసియుండెను. దానిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆనాడు అడవి పేర ఊరినుండి ధనము పోయెడిది. ఈనాడు అడవిని కాపాడుటకు ధనము ఊరివైపు రాగల మార్గము ఏర్పడినది. కాని అడుగనివారికి అది తనంతట తాను నడచి రాదు.

మంట తరువాత వచ్చునది ఎంత?

రాష్ట్ర విపత్తు స్పందన నిధి పట్టికలో అగ్నిప్రమాదము కూడ చేరియున్నది. మనవంటి రాష్ట్రములలో ఈ నిధికి కేంద్రము 75 వంతులు, రాష్ట్రము 25 వంతులు ఇచ్చును. 2022-26 కాలమునకు కేంద్రము నిర్ణయించిన సహాయము ఇట్లున్నది :

ప్రాణనష్టము — కుటుంబమునకు 4 లక్షల రూపాయలు.
మైదాన ప్రాంతమున పూర్తిగా పాడైన ఇల్లు — 1,20,000 రూపాయలు.
పాడైన గుడిసె — 8,000 రూపాయలు. పశువులపాక — 3,000 రూపాయలు.
పాడి గేదె లేక ఆవు — 37,500 రూపాయలు. దుక్కిటెద్దు — 32,000 రూపాయలు. మేక లేక గొర్రె — 4,000 రూపాయలు.
పంట — నూటికి 33 వంతులు, అంతకు మించి నష్టమైనచో హెక్టారుకు మెట్టకు 8,500, మాగాణికి 17,000 రూపాయలు. రెండు హెక్టారులవరకు మాత్రమే.

లెక్క చూడుడు. హెక్టారనగా దాదాపు రెండున్నర ఎకరములు. మెట్ట పంటకు ఎకరమునకు సుమారు 3,400 రూపాయలు వచ్చును. మిరప రైతు విత్తనమునకు, ఎరువులకు, పురుగుమందులకు, కోతకూలికి పెట్టిన పెట్టుబడితో దీనిని పోల్చుకొనుడు. ఈ సహాయము నిలద్రొక్కుకొనుటకు ఊతయే కాని నష్టపరిహారము కాదు. ఆ పట్టికలో గడ్డివాము, కల్లములో ఆరబోసిన కాయ విడిగా కనబడవు.

పంటల బీమా ఉన్నదిగదా అందురేమో. ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమములలో నిలువుపంటకు ప్రకృతిసిద్ధమైన అగ్ని, పిడుగు చేరియున్నవి. ప్రక్కచేనివారు కట్టె కాల్చగా వచ్చిన మంటకు అది వర్తించదు.

అమెరికాలో మరియొక పద్ధతి కలదు. మంట పెద్ద విపత్తుగా మారు ప్రమాదమున్నప్పుడు, అది మండుచుండగనే రాష్ట్రము కేంద్రమును సహాయము కోరును. ఆమోదము లభించినచో మంట ఆర్పుటకైన అర్హమైన ఖర్చులో నూటికి 75 వంతులు కేంద్రము భరించును. ఊరి అగ్నిమాపక దళపు ఖర్చు కూడ ఇందులో చేరవచ్చును. అయితే ఎవరు పనిచేసిరి, ఎన్నిగంటలు చేసిరి, ఏ బండి వాడిరి అను లెక్కలు చూపవలెను. మన పథకములలో ఖర్చు చేసి బిల్లు పంపుట ప్రధానమార్గము కాదు. ముందుగా పనిని మంజూరు చేయించుకొనుటయే మార్గము. కాని లెక్క వ్రాసి ఉంచుకొనుట రెండుచోట్లను అవసరమే.

ఎప్పుడు అడుగవలెను?

ఇచ్చట ఒక చిక్కు కలదు. మంటల కాలము ఫిబ్రవరి నుండి మే వరకు ఉండును. ప్రభుత్వపు లెక్కల సంవత్సరమో మార్చి 31తో ముగియును. కావున ఫిబ్రవరి, మార్చి నెలల కాపలాకు పాత సంవత్సరపు ధనము, ఏప్రిల్, మే నెలలకు క్రొత్త సంవత్సరపు ధనము కావలెను. అటవీశాఖ తన వార్షిక పని ప్రణాళికను ముందుగానే తయారుచేసి పంపవలెను. మార్చిలో మంట చూచి అడిగిన ఊరు పాత సంవత్సరములో ఆలస్యమైనది, క్రొత్త ప్రణాళికలోను లేనిది అగును.

కనుక ఈ క్రమమును పాటింపుడు.

శ్రావణ, భాద్రపదములు : అడవికి ఆనుకొనియున్న సర్వే నంబర్లు, దారులు, నీటివనరులు, గత వేసవిలో మంట దిగిన చోట్లు కాగితముమీద గుర్తించుడు. గ్రామసభలో తీర్మానము చేయుడు.

ఆశ్వయుజ, కార్తీకములు : తీర్మానపు ప్రతిని అటవీ రేంజి అధికారికి ఇచ్చి రసీదు తీసికొనుడు. ఒక ప్రతిని తహశీల్దారుకు, మరియొకటి మండల పరిషత్తుకు పంపుడు. పనులు ఈ సంవత్సరములో ఏవి, వచ్చు ప్రణాళికలో ఏవి చేరునో వ్రాతమూలకముగ కోరుడు.

మార్గశిర, పుష్యములు : మంజూరైన బాటలు చెక్కించుడు. మీ పట్టాభూమి అంచున పది అడుగుల వెడల్పున గడ్డి చెక్కి, రెండు మూడు సాళ్లు దున్నుడు. రిజర్వు అడవిలోపల మాత్రము అటవీశాఖ అనుమతి లేనిదే గొడ్డలి, పార పెట్టరాదు.

మాఘము నుండి వైశాఖము వరకు : కాపలా.

జ్యేష్ఠము : లెక్క చూచుకొని, లోపములు వ్రాసికొని, మరుసటి తీర్మానమునకు సిద్ధపడుడు.

మీ గ్రామమున వన సంరక్షణ సమితి ఉన్నచో దాని ద్వారా అడుగుట సులభము. ఈ సమితులు 1992 నుండి మన రాష్ట్రమున ఏర్పడినవి. కొన్నిచోట్ల పేరు మిగిలి పని నిలిచియున్నది. అట్టిచోట బీటు అధికారిని పిలిచి, సమావేశము జరిపి, క్రొత్త సభ్యులను ఎన్నుకొనుడు. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద హక్కుపత్రములు పొందిన తండాలవారికి, వారి గ్రామసభకు అడవిని కాపాడు అధికారము, బాధ్యత రెండును చట్టమే ఇచ్చినది. తీర్మానములో ఆ సంగతిని పేర్కొనుడు.

తీర్మానమునకు నమూనా

గ్రామాధికారుల సౌకర్యార్థము ఒక నమూనాను ఇచ్చుచున్నాము. అంకెలను మీ ఊరికి తగినట్లు నింపుకొనుడు.

“ ……… గ్రామసభ ……… తేదీన సమావేశమై తీర్మానించినదేమనగా : మా గ్రామము ……… అటవీ బీటునకు ఆనుకొనియున్నది. గత ……… వేసవులలో ……… సార్లు మంట వచ్చి, ……… ఎకరముల మేత, ……… వాములు నష్టమైనవి. కావున అటవీ అగ్ని నివారణ పథకము క్రింద, లేక ప్రత్యామ్నాయ అటవీ పెంపక నిధినుండి, (1) ……… నుండి ……… వరకు ……… కిలోమీటర్ల ఫైర్‌లైను, (2) ఫిబ్రవరి నుండి మే వరకు ……… మంది కాపలాదారులు, వీలైనంతవరకు మా గ్రామస్థులు, (3) మంటలార్పు పనిముట్లు, (4) మంటలు రాకుండ కాపాడినచో గ్రామమునకు ప్రోత్సాహము మంజూరు చేయ కోరుచున్నాము. అడవి అంచున ……… గజములలోపల పంటకట్టె కాల్చరాదని గ్రామస్థులమందరము కట్టుబాటు చేసికొంటిమి.”

చివరి వాక్యమును విడువరాదు. అడుగు చేయి తాను చేయునదియు చెప్పినప్పుడే మాటకు బరువు వచ్చును.

మంట కనబడిన నాడు

1. ముందు కబురు పంపుడు. బీటు అధికారికి, 101కి లేక 112కి ఫోను చేయుడు. అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహ సమాచారమును సెల్‌ఫోను సందేశముగ పంపుచున్నారు. సామాన్యులు కూడ పేరు నమోదు చేసికొనవచ్చును. గ్రామ రెవెన్యూ అధికారి, పంచాయతీ కార్యదర్శి తప్పక నమోదు చేసికొనవలెను.

2. మంట ఎగువకు వేగముగ ప్రాకును. కనుక మంటకు పైవైపున వాలుమీద నిలువరాదు. తప్పించుకొను దారి చూచుకొనియే దగ్గరకు పోవలెను. పిల్లలను, ముసలివారిని తీసికొనిపోరాదు. నైలాను, పాలియెస్టరు బట్టలు కట్టరాదు, నూలుబట్టలు కట్టుడు.

3. చిన్న గడ్డిమంటను పచ్చికొమ్మలతో నేలకు అదిమి కొట్టి ఆర్పవచ్చును. పైకెత్తి విసరినచో నిప్పురవ్వలు చెదరును.

4. మన మిరప, పత్తి రైతుల ఇండ్లలో మందు కొట్టు స్ప్రేయర్లు ఉన్నవి. వానిని శుభ్రముగ కడిగి మంచినీళ్లు నింపినచో అంచుమంటలను ఆర్పుటకు ఉపయోగపడును. పురుగుమందు మిగిలిన పంపును వాడరాదు. పొగతో విషము లోపలికి పోవును.

5. ఎదురుమంట పెట్టుట శిక్షణ పొందిన అటవీ సిబ్బంది పని. మనము దానికి పూనుకొనరాదు.

6. ఆరిన తరువాత కాలిన మొద్దులను మట్టితో కప్పి, ఆ రాత్రి కాపలా ఉంచుడు.

లెక్కపుస్తకము, పంచనామా

ఒక నోటుపుస్తకమును పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. మంట కనబడిన తేదీ, గంట, చోటు. ఎవరికి ఏ గంటకు కబురు పంపినది. ఎంతమంది ఎన్ని గంటలు పనిచేసినది. ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు ఎవరిది, ఎన్ని సార్లు తిరిగినది — ఇవి అదేరోజు వ్రాయుడు. మరుసటి ఏడు మీ కోరికకు ఇదియే సాక్ష్యము.

పంట, పాక, పశువు నష్టమైనచో శిథిలములను తొలగింపకముందే ఫోటోలు తీయుడు. గ్రామ రెవెన్యూ అధికారిచేత పంచనామా చేయించుడు. పంటకు వ్యవసాయ సహాయకుని, చనిపోయిన పశువునకు పశువైద్యుని ధ్రువీకరణ తీసికొనుడు. కౌలురైతు తన కౌలుపత్రమును జతపరచవలెను. అది లేనిచో పండించినది ఒకరు, సహాయము పొందునది మరియొకరు కావచ్చును. గ్రామాధికారులారా! కాలిన చేనిలో నిలిచియున్న మనిషికి మొదట కనబడు ప్రభుత్వము మీరే. ఆరోజే వ్రాసిన పంచనామా, వారమునకు వ్రాసిన పంచనామా ఒకటి కావు.

శ్రీరాముడు సీతాపహరణ వార్తను విన్న కొండ గనుక వినుకొండ అను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. అపహరణము జరిగిన తరువాత విన్న వార్త అది. అడవి మంటల విషయమున మనము అంతవరకు ఆగనక్కరలేదు. వచ్చు గ్రామసభలో కార్యక్రమపు పట్టికలో ఈ విషయమును ఒక అంశముగ చేర్పించుడు. మాఘమాసమున కల్లములో కాయ ఎండుచున్నప్పుడు కొండమీద గీత కనబడినచో, చెక్కిన బాట, నిలిచిన కాపలా, చేతికందు పనిముట్టు అప్పటికే సిద్ధముగ ఉండును.